రెండు రిపోర్టులు, ఒకే గడ్డ

బెంగళూరు మారతహళ్లిలో మా పెథాలజీ ల్యాబ్ చిన్నది. రోజూ చూసేవి గాల్‌బ్లాడర్లు, అపెండిక్సులు, గర్భసంచులు. మెడ గడ్డలు నెలకు నాలుగైదు వస్తే ఎక్కువ, అందులోనూ సగం టీబీయే. ఇది సాకు కాదు. సరే, కొంచెం సాకే.

ఆ మధ్య మదనపల్లె పెద్దాయన ఒకాయన మెడ గడ్డ వచ్చింది. స్లైడు నిండా ఫాలికిల్స్, అంటే కణాల గుండ్రటి గుంపులు. ఇన్ఫెక్షన్‌కి నోడ్ (లింఫ్ గ్రంథి) వాచినా అవే కనిపిస్తాయి. "రియాక్టివ్‌లా ఉంది, అనుమానముంటే ఐహెచ్‌సీ చేయించండి" అని రాశాను. రియాక్టివ్ అంటే క్యాన్సర్ కాదు, ఉత్త వాపు. ఐహెచ్‌సీ అంటే యాంటీబాడీలతో రంగు వేసి కణాల్లో ప్రొటీన్లు చూసే పరీక్ష. వాళ్లబ్బాయి ఆ చివరి ముక్క వదల్లేదు. మైనపు బ్లాకు తీసుకెళ్లి, లింఫోమాలే, అంటే లింఫ్ కణాల క్యాన్సర్లే చూసే హెమటోపెథాలజిస్టుకి ఇచ్చాడు. ఆవిడ ఫాలిక్యులర్ లింఫోమా అన్నారు.

నా ఇంటిపేరు చూసి తెలుగావిడే అనుకుని నేరుగా వచ్చేశాడు. "ఆవిడొకటి, మీరొకటి అంటే ఎవర్ని నమ్మాలి మేడమ్?" గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా ఇబ్బందైంది.

ఆవిడనే నమ్మమన్నాను. స్లైడు మళ్లీ పెట్టాను. మామూలుగా వాచిన నోడ్‌లో ఫాలికిల్స్ చిన్నా పెద్దా కలిసి, మధ్య కాస్త జాగా వదిలి ఉంటాయి. ఇక్కడ అన్నీ ఒకే సైజు, సాయంత్రం బీఎంటీసీ బస్సులో జనంలా ఆనుకుని ఉన్నాయి. అది నేను పట్టుకోవాల్సింది. తేల్చింది మాత్రం బీసీఎల్2 అనే ప్రొటీన్‌ని చూపించే స్టెయిన్. మామూలు ఫాలికిల్ నడుమ ఉండే బీ కణాలనే తెల్లరక్తకణాల్లో ఆ ప్రొటీన్ కనిపించదు. ఈ జబ్బులో చాలామందికి 14, 18 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో అది పేరుకుపోతుంది. ఆ యాంటీబాడీ మేం తెప్పించం. వచ్చే నాలుగు నోడ్లకి సీసా సగమవకుండానే ఎక్స్‌పైరీ అయిపోతుంది.

పెద్ద కణాల లింఫోమా, రీడ్-స్టెర్న్‌బర్గ్ అనే పెద్ద కణాలు కొట్టొచ్చినట్టుండే హాడ్జ్‌కిన్ లింఫోమా అయితే మా ఇద్దరిదీ చాలావరకు ఒకే మాట. చిన్న కణాలవీ, టీ కణాలవీ వస్తేనే తేడాలు. అసలు నిపుణులకే పడలేదు, 2022లో డబ్ల్యూహెచ్ఓది ఒకటి, ఐసీసీ (ఇంటర్నేషనల్ కన్సెన్సస్ క్లాసిఫికేషన్) పేరుతో మరొకటి, లింఫోమాలకి రెండు వర్గీకరణలు వచ్చాయి. అతనికి టెన్షనెందుకని ఆ సంగతి ఎత్తలేదు.

సవరించిన రిపోర్టు ఆ సాయంత్రమే పంపాను. పది రోజులకి ఫోన్ చేశాడు. లక్షణాలేమీ లేవు కాబట్టి ఇప్పుడే మందులొద్దు, మూడు నెలలకోసారి రమ్మన్నారట.

"అంటే మీ రిపోర్టుతో ఉన్నా మందులుండేవి కావు కదా మేడమ్?"

"ఉండేవి కావు. మూడు నెలలకోసారి రమ్మనేవాళ్లూ ఉండేవాళ్లు కాదు" అన్నాను.