గానుగ చాటు మనిషి

"ముందు నేను బాగుపడాలి, ఆ తర్వాతే దేవుడు నన్ను వాడుకుంటాడు" అనే మాట మా సంఘంలో తరచూ వింటాను. విన్నప్పుడల్లా నాకు బైబిల్లోని గిద్యోను గుర్తొస్తాడు.

న్యాయాధిపతులు 6వ అధ్యాయం చూడండి. కళ్ళంలో, గాలికి చేయాల్సిన పనిని, పంటలు దోచుకునే మిద్యానీయులకు భయపడి ద్రాక్షగానుగ చాటున చేస్తున్నాడు. అక్కడ గోధుమలు దుళ్లగొడుతుంటే గాలి ఆడదు, పొట్టు కళ్ళలో పడుతుంది. దేవుని దూత వచ్చింది సరిగ్గా అప్పుడే, పిలిచింది బలాఢ్యుడా అని! ఆ తర్వాతైనా భయం పోయిందా? బయలు అనే దేవత బలిపీఠాన్ని రాత్రిపూట పడగొట్టాడు. దేవుని మాట నిజమో కాదో అని గొర్రెబొచ్చుతో రెండుసార్లు పరీక్షించాడు. దేవుడు అతని భయం తగ్గేదాకా ఆగలేదు. యుద్ధానికి వచ్చిన 32,000 మందిలోంచి మిగిలిన 300 మందితో అతని చేతే గెలిపించాడు. చివర్లో గిద్యోను ఏఫోదు (యాజకులు వేసుకునే పైవస్త్రం) చేయించాడు, జనం దాన్నే పూజించారు, అలా తన ఇంటికే ఉరి తెచ్చుకున్నాడు. బైబిలు దాన్నీ దాచలేదు.

మా వీధిలో టిఫిన్ బండి నడిపే అక్క ఉంది. కోపం ఎక్కువ, అప్పులవాళ్ల టెన్షన్ ఇంకా ఎక్కువ. ప్రార్థన చేయమంటే "నాకు రాదమ్మా" అంటుంది. మొన్న మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెల్లవారుతూనే ఇడ్లీ పొట్లం, ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని వచ్చింది. పక్క మంచం మీది పెద్దాయనకు ఎవరూ లేరని తెలిసి మర్నాటి నుంచి ఆయనకూ తెచ్చింది. డబ్బులివ్వబోతే కసిరింది.

ఆమె అప్పులు తీరలేదు, కోపమూ తగ్గలేదు. ఈ ఆదివారం సాక్ష్యం ఆమె చేతే చెప్పించమని పాస్టర్ గారిని అడిగాను.