నార్వే వెళ్తే పశ్చిమ తీరం చూడండి, నిదానంగా

మేం నార్వే వెళ్లొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి బ్రాడీపేటలో మా చుట్టుపక్కల వాళ్లంతా అడిగే మొదటి మాట ఒక్కటే, "ఆకాశంలో ఆ పచ్చ లైట్లు చూశారా?" అని. చూడలేదు. మేం వెళ్లింది జూన్‌లో, అప్పుడు అక్కడ చీకటే సరిగ్గా పడదు, చీకటి లేకపోతే అరోరా కనపడదు. దాని కోసమైతే సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా ట్రోమ్సో లాంటి ఉత్తరపు ఊళ్లకి వెళ్లాలి, అదీ మబ్బు పట్టకుండా ఉంటేనే. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా ట్రోమ్సోలో సూర్యుడు అసలు పైకే రాడు. ఆ చలికీ చీకటికీ సిద్ధపడి వెళ్లేవాళ్లని నేను వద్దనను. కానీ గుంటూరు నుంచో బెజవాడ నుంచో అంత డబ్బు పెట్టుకుని ఎప్పుడో ఒకసారి వెళ్తున్నప్పుడు, అందులోనూ పెద్దవాళ్లని వెంట తీసుకెళ్తున్నప్పుడు, వేసవిలో వెళ్లి పశ్చిమ తీరం తిరగండి అనే చెబుతాను. నాలుగు దేశాలని ఒక్క వారంలో చుట్టేసే ప్యాకేజీ మాత్రం తీసుకోకండి, బస్సు కిటికీ తప్ప ఇంకేం గుర్తుండదు.

రాజధాని ఓస్లోకి ఒక రోజు చాలు. విగేలాన్ పార్కులో గుస్తావ్ విగేలాన్ చేసిన శిల్పాలు 200కి పైనే ఉన్నాయి, టికెట్ లేదు, ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఒకే గ్రానైటు రాయిలో 121 మనుషుల ఆకారాలు ఒకరి మీద ఒకరు పైకి పాకుతున్నట్టు చెక్కిన స్తంభం దగ్గర కాసేపు నిలబడండి. సాయంత్రం 2008లో తెరిచిన ఒపేరా హౌస్ కప్పు మీదకి నడిచి ఎక్కొచ్చు, అది అందరికీ వదిలేసిన చోటు.

అసలు ప్రయాణం ఓస్లో నుంచి పశ్చిమ తీరంలోని రేవు ఊరు బెర్గెన్‌కి వెళ్లే రైలెక్కాక మొదలవుతుంది. 1909లో పూర్తయిన లైను అది, దాదాపు ఏడు గంటలు పడుతుంది. దారిలో ఫిన్సే అనే స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంది, జూన్‌లో కూడా పట్టాల పక్కన మంచు కనిపించింది. మేం మధ్యలో మిర్డాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు ఎక్కాం. ఇరవై కిలోమీటర్ల లైనే, కానీ ఆ కాస్త దూరంలోనే 866 మీటర్ల ఎత్తు నుంచి సముద్రమట్టం దాకా దిగిపోతుంది, దారి పొడుగునా ఇరవై సొరంగాలు. మధ్యలో ఒక జలపాతం దగ్గర రైలు ఆపి అందర్నీ దిగనిస్తారు, కెమెరాకి తుంపర తగలకుండా చూసుకోవాలి. కొండల మీద మంచు కరిగే రోజులు కాబట్టి మే చివరా జూన్‌లోనూ జలపాతాలన్నీ నిండుగా దూకుతుంటాయి, ఆగస్టు వచ్చేసరికి చాలావాటి జోరు తగ్గిపోతుంది. వేసవిలో వెళ్లమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

ఫ్లోమ్ నుంచి పడవలో నేరోయ్ ఫియోర్డ్ మీదుగా గుద్వాంగెన్ అనే ఊరికి వెళ్లొచ్చు. ఫియోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ. బ్యాటరీతో నడిచే పడవ దొరికితే అదే ఎక్కండి, ఇంజన్ మోత లేక నీళ్ల శబ్దం వినిపిస్తుంది. 2005లో యునెస్కో జాబితాలోకి వచ్చిన ఈ ఫియోర్డ్ కొన్నిచోట్ల 250 మీటర్ల వెడల్పే ఉంటుంది, రెండువైపులా కొండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. ఇది సోగ్నె ఫియోర్డ్‌కి ఒక పాయ. ఆ పెద్ద ఫియోర్డ్ పొడవు 200 కిలోమీటర్ల పైమాటే, లోతు 1,300 మీటర్లు దాటుతుంది. సముద్రం దగ్గరి మూతి కంటే లోపలే లోతెక్కువ! మంచుయుగాల్లో హిమానీనదాలు లోయని తొలుస్తూ కిందికి జరిగాయి, లోపల మంచు దట్టంగా ఉన్నచోట ఎక్కువ తొలిచేసి, మూతి దగ్గర పలచబడి తక్కువ తొలిచాయి. మంచు కరిగాక సముద్రం లోపలికి వచ్చి నిండింది. ఈ సంగతి తెలుసుకుని పడవెక్కితే పైన కనిపించే కొండని కిందికి కూడా అంత పొడిగించి ఊహించుకుంటాం.

ఫ్లోమ్ నుంచి బోర్గున్ చెక్క చర్చికి వెళ్లే దారిలో లేర్డాల్ సొరంగం వస్తుంది. 24.5 కిలోమీటర్లు, వాహనాలు వెళ్లే సొరంగాల్లో ప్రపంచంలోనే పొడవైనది, 2000లో తెరిచారు. డ్రైవర్లకి నిద్రమత్తు రాకుండా మధ్యలో మూడుచోట్ల గుహలా వెడల్పు చేసి నీలం లైట్లు పెట్టారు.

చర్చి ముందు మా అమ్మ చాలాసేపు కదల్లేదు. "ఇంత వానలో, ఇంత మంచులో ఈ చెక్క ఇన్నేళ్లు ఎట్టా నిలబడిందే?" అంది. 1180 ప్రాంతంలో కట్టిన గుడి అది. అంతకుముందు స్తంభాలని నేరుగా భూమిలో పాతేవాళ్లు, కొన్నేళ్లకి అడుగు కుళ్లిపోయేది. తర్వాత రాతి పునాది మీద దూలాలు పరిచి, వాటి మీద స్తంభాలు నిలబెట్టడం మొదలుపెట్టారు, చెక్కకి నేల తడి తగలదు. పైగా పైన్ చెట్ల నుంచి తీసిన తారు ఏళ్ల తరబడి పూస్తూ వచ్చారు, అందుకే గోడలు నల్లగా ఉంటాయి, ఎండ పడితే ఆ వాసన కూడా వస్తుంది. కప్పు కొసల మీద డ్రాగన్ తలలు. మధ్యయుగంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉండేవంటారు, ఇప్పుడు నార్వేలో మిగిలినవి 28. వాటిలో ఉర్నెస్ చర్చి యునెస్కో జాబితాలో ఉంది, దాని ఉత్తరపు గోడలో ఇంకా పాత చర్చి నుంచి తెచ్చి పెట్టిన చెక్కుడు పని ఉంది, జంతువులూ తీగలూ ఒకదాన్నొకటి పెనవేసుకుని. వీలుంటే రెండూ చూడండి, ఒకటే అంటే మాత్రం బోర్గున్.

బెర్గెన్‌లో వాన పడుతూనే ఉంటుంది, గొడుగు కంటే రెయిన్‌కోటు మేలు. రేవు పక్కన బ్రిగ్గెన్ అనే పాత చెక్క ఇళ్ల వరస దగ్గర అందరూ ముందు నిలబడి ఫోటో దిగి వెళ్లిపోతారు. వెళ్లిపోకండి, ఇళ్ల మధ్య సందుల్లోకి నడవండి, ముందుకు పొడుచుకొచ్చిన పై వసారాలూ పాత గిడ్డంగులూ అన్నీ లోపలే ఉన్నాయి. 14వ శతాబ్దం నుంచి ఇక్కడ హన్సా సంఘపు జర్మన్ వర్తకులు మకాం పెట్టారు. ధాన్యం తెచ్చి, ఎండు చేప కొనుక్కుపోయేవాళ్లు. 1702లో మంటల్లో ఇదంతా కాలిపోతే పాత పునాదుల మీదే, పాత పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నారు.

ఆ ఎండు చేప వచ్చింది ఉత్తరాన లోఫోటెన్ దీవుల నుంచి. బెర్గెన్ చూసి లోఫోటెన్ చూడకపోతే సగమే చూసినట్టు అని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే బ్రిగ్గెన్ ఇళ్లన్నీ ఆ చేప డబ్బుతో లేచినవే. ఏటా చలికాలంలో బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేప గుడ్లు పెట్టడానికి లోఫోటెన్‌కి వస్తుంది. పట్టిన చేపని తల తీసేసి, రెండేసి తోకలు కట్టి, కొయ్యల పందిళ్ల మీద ఫిబ్రవరి నుంచి మే దాకా వేలాడదీస్తారు. సరిగ్గా అదే రోజుల్లో మన గుంటూరు చుట్టుపక్కల కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తాం, కాకపోతే మనకి మండే ఎండ కావాలి, వాళ్లకి సున్నా డిగ్రీల దగ్గర ఊగిసలాడే గాలి కావాలి. మరీ చలైతే చేప గడ్డకట్టి పాడవుతుంది, వేడెక్కితే ఈగలు వాలతాయి. ఉప్పు ఒక్క రవ్వ కూడా వెయ్యరు! ఆర్కిటిక్ వలయానికి పైన ఉన్నా అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్లే ఇది సాధ్యం. చేప ఎక్కువగా ఇటలీకి, తలలు నైజీరియాకి పోతాయి. జూన్‌కి చాలావరకు దించేస్తారు, పందిళ్ల నిండా చేప చూడాలంటే ఏప్రిల్‌లో వెళ్లాలి. అర్ధరాత్రి కూడా అస్తమించని సూర్యుడు కావాలంటే మాత్రం మే చివరి నుంచి జూలై మధ్య దాకా. మేం రెండోది ఎంచుకున్నాం. బోడో రేవు నుంచి దీవుల్లోని మోస్కెనెస్‌కి ఓడలో మూడు నాలుగు గంటలు పడుతుంది, నీళ్లలోంచి కొండలు ఒక్కసారిగా లేస్తూ కనిపిస్తాయి. ఒకప్పుడు జాలర్లు ఉన్న ఎర్రటి చెక్క గదులు ఇప్పుడు అద్దెకిస్తున్నారు, వంటగది ఉన్నది చూసుకోండి. మా అమ్మ శాకాహారి, ఆ వంటగది లేకపోతే మా ప్రయాణం జరిగేదే కాదు.

ఖర్చు ఎక్కువే, హోటల్లో తింటే మరీ. సూపర్‌మార్కెట్లో బియ్యం, కూరలు కొనుక్కుని వండుకోండి, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి పెట్టుకోండి కానీ నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు వద్దు, యూరప్ బయటి నుంచి వెళ్లేవాళ్లు మాంసం, పాల సరుకులు నార్వేలోకి తీసుకెళ్లకూడదు. ఫ్లోమ్ రైలు సీట్లు జూన్, జూలైల్లో త్వరగా నిండిపోతాయి, విమానం టికెట్లతో పాటే అవీ బుక్ చేసుకోండి.