మా అంబాసిడర్ లైట్ల జబ్బు ఎక్కడ దొరికిందంటే

పోయిన నెల నాన్నని, అమ్మని తీసుకుని అన్నవరం వెళ్లి, వ్రతం చేయించుకుని, చీకటిపడ్డాక కాకినాడ తిరిగొస్తూ కత్తిపూడి దగ్గర టీకి ఆగాం. మా వెనకే వచ్చి ఆగిన లారీ డ్రైవర్ దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, "బాబుగారూ, మీరు బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ పక్క ఇండికేటర్ సన్నగా వెలుగుతోందండి, బ్రేకు లైటేమో ఆ పక్క సరిగ్గా కనపడట్లేదు. పక్కకి తిరుగుతారేమో అనుకుని రెండుసార్లు తడబడ్డాను" అన్నాడు. ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, ఎందుకంటే బండి నడిపేవాడికి తన బండి వెనక భాగం ఎప్పుడూ కనపడదు. అక్కడి నుంచి ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్. దానికి తోడు ముందు హెడ్‌లైట్లు కూడా నూనె దీపాల్లా పచ్చగా వెలుగుతున్నాయి. పిఠాపురం దాటాక ఒక చోట రోడ్డు మీద పడుకున్న గేదెని నాన్న చూసి అరిచారు కానీ నాకు కనపడలేదు.

మాది 1978 మార్క్ 3 అంబాసిడర్, నాన్న బండి. ఈ కారు ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది కాబట్టి వైరింగ్ ఆలోచన కూడా ఆ పాత బ్రిటిష్ కార్లదే. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్ నుంచి, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజ్ దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లకి, నలుపు ఎర్త్‌కి, అంటే కరెంటు బండి రేకు మీదుగా బ్యాటరీకి తిరిగెళ్లే దారికి. ఇది బట్టీ పడితే సగం పని అయిపోయినట్టే, కానీ నలభై ఏళ్లు దాటిన బండిలో రంగుల్ని గుడ్డిగా నమ్మకండి. మధ్యలో ఎంతమంది చేతులు పడ్డాయో, ఎవరి దగ్గర ఏ వైరు ముక్క ఉంటే అదే కలిపేశారు. మా బండిలో ఎర్రగా బయల్దేరిన టెయిల్ లైటు వైరు డిక్కీలోకి వచ్చేసరికి పసుపు రంగులోకి మారిపోయింది, జాయింటు దగ్గర టేపు చుట్టి ఉంది, ఆ టేపు జిగురు కారి మట్టి పట్టి ఉంది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. ముందు నాకు తట్టింది బల్బే. విప్పి చూస్తే రెండు ఫిలమెంట్లూ బాగానే ఉన్నాయి, అది టెయిల్‌కి 5 వాట్లు, బ్రేకుకి 21 వాట్లు ఉండే బల్బు. (ఈ బల్బుకి పక్కనుండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, తిరగేసి పెట్టకుండా ఉండటానికి అలా చేస్తారు. కొందరు ఒక్క ఫిలమెంట్ బల్బుని బలవంతంగా అందులో దూర్చేస్తారు, అప్పుడు దాని అడుగు రెండు కాంటాక్టుల్నీ కలిపేసి, బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లన్నీ వెలుగుతాయి. లైట్లు చిత్రంగా ప్రవర్తిస్తుంటే ఇది కూడా ఒకసారి చూసుకోండి.) కొత్త బల్బు పెట్టినా అదే తంతు.

అప్పుడు ఒక పొడుగు వైరు తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి బిగించి, రెండో కొస ఎడమ లైటు హోల్డర్ రేకుకి ఆనించి నాన్నని బ్రేకు తొక్కమన్నాను. బ్రేకు లైటు భగ్గున వెలిగింది, ఇండికేటర్ ఆరిపోయింది. వైరు తీస్తే మళ్లీ పాత జబ్బు. రెండు నిమిషాల పని, రోగం తేలిపోయింది, ఎర్త్ లేదు.

లోపల జరుగుతున్నదేంటంటే, కరెంటు బ్యాటరీ నుంచి వైరులో వచ్చి, బల్బు దాటి, బండి రేకు మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లాలి. హోల్డర్‌కీ బాడీకీ మధ్య ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. పక్కనే ఉన్న ఇండికేటర్ ఫిలమెంట్ గుండా వెనక్కి ఎక్కి, ఆ వైరు వెంట ముందున్న ఎడమ ఇండికేటర్ దాకా పోయి, అక్కడ ఎర్త్ దొరికితే దిగిపోతుంది. దారిలో మూడు బల్బులు వరసగా పడ్డాయి కాబట్టి ఒక్కోదానికి దక్కేది మూడో వంతు వోల్టేజీ. అందుకే బ్రేకు లైటు మసకగా, ఇండికేటర్ సన్నగా. ఒక లైటు వేస్తే సంబంధం లేని ఇంకో లైటు వెలిగినా, రెండూ కలిసి మినుకుమన్నా, స్విచ్ జోలికి పోకుండా ముందు ఎర్త్ దగ్గరికి వెళ్లండి.

ఎర్త్ ఎందుకు పోయిందంటే, పెయింటు. మూడేళ్ల కిందట బండికి పూర్తిగా రంగు వేయించాం, చాలా అందంగా వచ్చింది, కానీ లైట్లు విప్పి రంగు కొట్టి మళ్లీ బిగించినప్పుడు స్క్రూ కింద రంగు అలాగే ఉండిపోయింది. రంగు కరెంటుని పోనివ్వదు. స్క్రూ మరల ద్వారా కాస్తో కూస్తో దారి దొరికి ఇన్నాళ్లూ నడిచింది, ఈ లోపు మా కాకినాడ ఉప్పు గాలికి ఆ మరలకీ తుప్పు పట్టింది. హోల్డర్ లోపల ఇత్తడి కాంటాక్టుల మీద పచ్చటి చిలుము. అన్నీ విప్పి, స్క్రూ కూర్చునే చోట ఉప్పుకాగితంతో తెల్లటి రేకు కనపడేదాకా గీకి, కొత్త స్క్రూ, పళ్లున్న వాషర్ వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాను. ఇంకో జాగ్రత్తగా ప్రతి హోల్డర్ నుంచి ఒక నల్ల వైరు లాగి డిక్కీలో ఒకే బోల్టుకి కలిపేశాను. రంగు వేయించేవాళ్లు ఎవరైనా సరే, బండి ఇంటికి రాగానే ఎర్త్ పాయింట్లన్నీ ఒకసారి విప్పి చూసుకోండి.

ఇక హెడ్‌లైట్లు. ఇక్కడ అసలు కష్టం. మాకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్ 100/90 బల్బులు (హైలో 100 వాట్లు, డిమ్‌లో 90) వేసెయ్యమన్నారు, చాలామంది అదే చేస్తారు కూడా. నేను ఒప్పుకోలేదు. ఉన్న 60/55 బల్బుకే కరెంటు సరిగ్గా అందనప్పుడు ఇంకా ఎక్కువ లాగే బల్బు పెడితే పాత వైర్లు వేడెక్కి కరిగేదాకా వస్తుంది. ఆ కాలం బ్రిటిష్ డిజైన్లు చాలావాటిలో హెడ్‌లైట్లకి ఫ్యూజే ఉండదు, మా బండిలోనూ లేదు, కాబట్టి వైరు కరిగితే ఆపేది ఏదీ లేదు.

మల్టీమీటర్ తీశాను. ఇక్కడొక ముఖ్యమైన సంగతి, బల్బు కనెక్టర్ ఊడదీసి వోల్టేజీ చూడకండి. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా బల్బు లేనప్పుడు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, 5 ఆంపియర్లు లాగేసరికి చతికిలబడుతుంది. ఇంజన్ ఆన్‌లో, లైట్లు వెలుగుతూ ఉండగానే కొలవాలి. బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు. బల్బు రెండు పిన్నుల మధ్య 10.9. దారిలో 2.7 వోల్టులు మాయం. బల్బు వెలుగు వోల్టేజీతో పాటు నెమ్మదిగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పోతుంది. మా లెక్కన రావలసిన వెలుగులో సగం కూడా రావట్లేదు. ఆ గేదె నాకు ఎందుకు కనపడలేదో మీటర్ చూశాక అర్థమైంది.

ఆ 2.7 ఎక్కడెక్కడ పోయిందో ఒక్కో ముక్కా కొలిచాను. మీటర్ ఒక కొన స్విచ్‌కి ఇవతల, ఇంకోటి అవతల, లైటు వెలుగుతుండగా. ఎర్త్ వైపు 0.9, క్లచ్ పక్కన నేల మీదుండే కాలి డిప్పర్‌లో (హై, డిమ్ మార్చే స్విచ్) 0.8, డ్యాష్‌బోర్డు లైటు స్విచ్‌లో 0.6, మిగతా 0.4 వైర్లలో, జాయింట్లలో. స్విచ్‌లో పోయిన వోల్టేజీ ఎక్కడికీ పోదు, వేడి అవుతుంది. 0.8 వోల్టులు, రెండు బల్బులకీ కలిపి దాదాపు 9 ఆంపియర్లు, అంటే ఆ చిన్న డిప్పర్ లోపల 7 వాట్ల వేడి. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వానాకాలం చెప్పులతో వచ్చే నీళ్లూ బురదా అన్నీ దాని నెత్తినే పడతాయి మరి, దాన్ని అనడానికేం లేదు.

రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) కొన్నాను, హైకి ఒకటి, డిమ్‌కి ఒకటి. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజ్ ద్వారా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే మీద 30 అని ఉండే పిన్నుకి, 87 నుంచి అదే మందం వైరు లైట్లకి, 85 ఎర్త్‌కి, డిప్పర్ నుంచి వచ్చే పాత నీలం వైరు 86కి. ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గర పెట్టాలి, ఫ్యూజ్‌కి ముందున్న వైరుకి రక్షణ ఉండదు. ఇప్పుడు పాత స్విచ్, డిప్పర్ మీద పడే భారం రిలే కాయిల్ లాగే కొద్దిపాటి కరెంటే, 0.2 ఆంపియర్ల లోపు. పాత వైరింగ్ కోయలేదు, రేపెవరైనా రిలేలు పీకేసి మళ్లీ ఎప్పటిలా కలపాలనుకుంటే కలపొచ్చు. లైట్ల ఎర్త్ కూడా కొత్తగా లాగాక కొలిస్తే బల్బు దగ్గర 13.1. అవే బల్బులు, అవే గుండ్రటి ఏడంగుళాల అద్దాలు, గోడ మీద తెల్లటి వెలుగు. నాన్న గుమ్మంలోంచి చూసి "కొత్తలో ఇలాగే ఉండేదిరా" అన్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి.

ఈ పనంతా అయ్యాక డిక్కీ వేస్తే టెయిల్ లైట్ల ఫ్యూజ్ టప్‌మని పోయింది. ఫ్యూజ్ పోతే సిగరెట్ పెట్టె రేకు చుట్టేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి, ఇంట్లోవాళ్లు కూర్చునే బండి అది. ఆ లైన్‌లో బల్బులన్నీ తీసేసి, ఫ్యూజ్ చోట ఒక 21 వాట్ల బల్బుని వైర్లతో తగిలించాను. షార్ట్ (వైరు ఎక్కడో బండి రేకుకి తగలడం) ఉన్నంతసేపూ అది పూర్తిగా వెలుగుతుంది, కరెంటుని కూడా అదుపులో ఉంచుతుంది. వైరు వెంట చేత్తో కదుపుతూ వెళ్తే, నంబర్ ప్లేట్ లైటు వైరు డిక్కీ మూతలోకి వెళ్లే చోట కదపగానే బల్బు ఆరిపోయింది. అక్కడి రబ్బరు రింగు రాయిలా గట్టిపడి పగిలి, రేకు అంచు వైరు తొడుగుని కోసేసింది. కొత్త రింగు, కొత్త వైరు, 20 రూపాయల లోపే.

ఇంకొకటి మిగిలింది. లోపల పైకప్పు లైటు కుడి వెనక తలుపు తీస్తే వెలగట్లేదు, మిగతా మూడు తలుపులకీ వెలుగుతోంది. ఆ తలుపు స్విచ్ కూడా ఎర్త్ ఇచ్చేదే, దాని చుట్టూ కూడా కొత్త రంగే ఉంది. ఉప్పుకాగితం బండిలోనే పెట్టుకున్నాను, ఆదివారం విప్పుతాను.