సంబంధం, ఉంటే

మావాడిది శ్రీకాకుళం పక్కన పల్లె, నాది గాజువాక. మద్దిలపాలెంలో ఒకే ఇంట్లో ఏళ్లుగా ఉంటున్నాం. ఓనరుగారి లెక్కలో రూమ్మేట్లం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మాలాంటి స్వలింగ ప్రేమికులు నేరస్థులు కారని తేల్చిన రోజు, బీచ్ రోడ్డులో మురీ మిక్స్చర్ తింటూ పొద్దుపోయేదాకా కూర్చున్నాం. 2023లో అదే కోర్టు పెళ్లికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ రోజు బీచ్‌కి వెళ్లలేదు.

"పెళ్లా పెటాకులా, ఎవరి కోసంరా ఈ సంపాదన?" అని మా పెదనాన్న పండక్కి పండక్కీ అడిగేవాడు. నవ్వేసేవాణ్ణి గానీ, రాత్రుళ్లు ఆ మాటే తిరిగేది. మావాడికి అపెండిక్స్ ఆపరేషనైనప్పుడు ఆస్పత్రిలో "మీరేమవుతారు?" అంటే "అన్నయ్యని" అనేశాను. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి ఊడిపడినందుకు వారం రోజులు నా మీద నాకే కోపం.

2024 ఆగస్టులో ఆర్థిక శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. మాలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని. దాన్ని ప్రింటు తీసుకుని బ్యాంకుకెళ్లాం.

"అన్నదమ్ములా బాబూ?" అంది కౌంటర్లో మేడమ్. ఈసారి అబద్ధమాడలేదు.

"కాదండి, పార్టనర్లం."

"బిజినెస్సా? అయితే కరెంట్ అకౌంట్ తియ్యాలి కదా!"

మావాడికి నవ్వాగలేదు. నాకు చెమటలు. చివరికి కాగితం మేనేజరుగారి దాకా వెళ్లింది. ఆయన రెండుసార్లు చదివి, "పాన్, ఆధార్, ఫొటోలు ఉన్నాయా?" అన్నాడు, అంతే. 'ఐదర్ ఆర్ సర్వైవర్' దగ్గర టిక్కు పెట్టించాడు. ఒకరు పోతే రెండోవాళ్లు నడుపుకోవచ్చట.

నా పేరు మీదున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి నామినీ మార్చాలంటే వేరే ఫారం. అందులో 'డిపాజిటరుతో సంబంధం, ఉంటే' అని ఒక గడి. ఆ 'ఉంటే' దగ్గర నా పెన్ను ఆగింది. 'జీవిత భాగస్వామి' అని రాశాను. మేడమ్ కంప్యూటర్లో వెతికి, అది లేదని 'ఇతరులు' నొక్కింది. నాకు చుర్రుమంది.

"ఏటైంది, కాగితం మీదుంది కదా," అన్నాడు మావాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, నామినీ డబ్బు తీసుకోగలడు గానీ అది వారసుడికే చెందుతుంది. అందుకని వీలునామా కూడా రాశాం. తెల్లకాగితం చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు మా ఆఫీసులో మిత్రుడు. రెండోవాళ్లెవరా అని నెలరోజులు నానబెట్టి, గాజువాక వెళ్లి మా చెల్లిని అడిగాను. దానికి అప్పటిదాకా నేను చెప్పలేదు. తనూ అడగలేదు.

మొత్తం చదివి, సంతకం పెట్టి, మావాడి వైపు చూసింది.

"ఈయన్ని నేనేమని పిలవాలన్నయ్యా?"

పేరు పెట్టి పిలవమన్నాను.

"పెద్దవాణ్ణి పేరు పెట్టి ఎలా పిలుస్తారు!" అని విసుక్కుంటూ టీ పెట్టడానికి లేచింది.