డెర్బీ ఆవేశం, క్లబ్బు జమాఖర్చులు

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు 2019 తర్వాత కొన్నేళ్లపాటు రెండు జట్లు ఉండేవి. ఉంటున్న ఊరి జట్టు బెంగళూరు ఎఫ్‌సీ ఒకటి, సొంత భాష మాట్లాడే నగరం పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ మరొకటి. ఈ రెండూ తలపడిన రోజున కంఠీరవ స్టేడియంలో ఎటు కూర్చోవాలన్నది నాలాంటివాళ్లకు నిజమైన సమస్యే. ఇప్పుడు ఆ సమస్య లేదు, ఎందుకంటే రెండో జట్టే లేదు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ దేశంలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) విజేతగా నిలిచింది. ఆ రాత్రి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. ఆ తర్వాత రెండేళ్లు తిరగకముందే జీతాలు బకాయి పడ్డాయి, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం విధించింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023–24లో జట్టు పట్టికలో అట్టడుగున మిగిలింది. యాజమాన్యం మారింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలిలో పాటలు పాడి, జెండాలు కుట్టుకున్న డెక్కన్ లీజియన్ అభిమానులను ఎవరూ ఒక మాట అడగలేదు. నిజానికి హైదరాబాద్ జట్టు కూడా పుణేలో మూతపడిన క్లబ్బు స్థానంలోనే వచ్చింది. జట్టు ఊరిదని మనం అనుకుంటాం గాని, లీగులో ఆడే హక్కు మాత్రం ఒక కంపెనీ చేతిలో ఉంటుంది, ఆ కంపెనీకి ఊరు ఒక చిరునామా మాత్రమే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలంటే క్లబ్బుకు డబ్బు వచ్చే దారులను చూడాలి. టిక్కెట్లు, జెర్సీల అమ్మకం, స్పాన్సర్లు, లీగు కేంద్ర ఆదాయంలో వాటా, ఆటగాళ్ల బదిలీ రుసుములు, బహుమతి సొమ్ము. వీటిలో ఒక్కటీ మన దేశంలో బలంగా లేదు. కంఠీరవ ప్రభుత్వ స్టేడియం, పైగా అథ్లెటిక్స్ కోసం కట్టినది, కాబట్టి మైదానం మీద ఏడాది పొడవునా సంపాదించే అవకాశం క్లబ్బుకు ఉండదు. బహుమతి సంగతికి వస్తే, లీగు దశ పట్టికలో మొదటి స్థానంలో నిలిచి లీగ్ షీల్డ్ గెలిచిన జట్టుకు 3.5 కోట్లు, చివరి ఫైనల్‌లో కప్పు గెలిచిన జట్టుకు 6 కోట్లు ఇస్తూ వచ్చారు. ఒకే జట్టు రెండూ గెలిచినా 9.5 కోట్లే, ఒక మంచి జట్టును ఏడాదిపాటు పోషించడానికి అది ఏ మూలకూ చాలదు. మిగతాదంతా యజమాని జేబులోంచి రావలసిందే. యజమానికి విసుగు పుట్టినా, అతని అసలు వ్యాపారం దెబ్బతిన్నా, జట్టు మైదానంలో ఎంత బాగా ఆడుతున్నదన్న దానితో సంబంధం లేకుండా కథ ముగుస్తుంది.

స్పాన్సర్ల విషయంలో నేను చాలామంది అభిమానులతో ఏకీభవించను. జెర్సీ మీద పరాయి పేరు పడితే జట్టు అమ్ముడుపోయిందని వాళ్లు బాధపడతారు. నాకైతే బయటి సంస్థ పేరు ఉండటమే ఆరోగ్యంగా కనిపిస్తుంది. 2018లో కియా సంస్థ బెంగళూరు ఎఫ్‌సీకి ప్రధాన స్పాన్సరుగా వచ్చింది. ఆ సంస్థ కర్మాగారం ఇక్కడి నుంచి అనంతపురం వెళ్లే దారిలో, పెనుకొండ దగ్గర అప్పటికి కడుతూనే ఉన్నారు. కియా తొలి కారు సెల్టోస్ మన మార్కెట్లోకి వచ్చింది 2019 ఆగస్టులో. అంతకు ముందే, ఆ ఏడాది మార్చిలో, ముంబయిలో గోవాపై అదనపు సమయంలో గెలిచి బెంగళూరు కప్పు ఎత్తినప్పుడు ఆటగాళ్ల ఛాతీ మీద ఆ పేరు ఉంది. అమ్మడానికి కారు లేని రోజుల్లోనే తన పేరు జనం నోట్లో నానాలని ఒక సంస్థ ఫుట్‌బాల్‌ను ఎంచుకుందంటే, మన స్టాండ్లలోని జనానికి వాణిజ్యపరమైన విలువ ఉందన్నమాట. అనుమానించవలసినది మరో రకం స్పాన్సరుని. యజమాని గ్రూపులోని మరో కంపెనీయే స్పాన్సరైతే అది ఆదాయంగా కనిపించే సహాయం, ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసుకోవడం.

డెర్బీల్లో, అంటే పొరుగు జట్ల పోటీల్లో, కనిపించే వైరం కూడా ఈ లెక్కల్లో భాగమేనని కోల్‌కతా చాలాకాలం క్రితమే చూపించింది. 1998లో బెంగళూరుకు చెందిన మద్యం వ్యాపార సంస్థ యూబీ గ్రూపు మోహన్ బగాన్‌లోనూ, ఈస్ట్ బెంగాల్‌లోనూ అడుగుపెట్టింది. ఒకటి మెక్‌డోవెల్స్ మోహన్ బగాన్, ఇంకొకటి కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాల్. తరతరాలుగా ఒకరి పేరు ఒకరికి గిట్టని రెండు వర్గాలకూ డబ్బు ఒకే ఇంటి నుంచి వచ్చింది, ఆ సంస్థకు కావలసింది ఒక జట్టు గెలుపు కంటే ఆ వైరం కొనసాగడమే. దక్షిణాదిలో బెంగళూరు, కేరళ జట్ల మధ్య మన వైరానికి ఇంకా అంత వయసు లేదు గాని, వేడిలో తక్కువది కాదు. 2023 మార్చి 3న కంఠీరవలో అదనపు సమయంలో ప్రత్యర్థులు సిద్ధమయ్యేలోపే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రీ తొందరగా కొట్టిన ఫ్రీకిక్ గోలైనప్పుడు, కేరళ బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ జట్టును మైదానం నుంచి బయటికి తీసుకుపోయాడు. దానికి క్లబ్బుపై పడిన జరిమానా 4 కోట్లు. లీగ్ షీల్డ్ గెలిస్తే వచ్చే సొమ్ముకంటే అది ఎక్కువ! గోలు సరైనదా కాదా అని మనం ఇప్పటికీ వాదించుకుంటున్నాం, నేనూ గట్టిగానే వాదిస్తాను. ఆ నాలుగు కోట్లు ఎవరి జీతంలోంచి, ఏ అకాడమీ ఖర్చులోంచి కోత పడతాయోనన్న ప్రశ్న మాత్రం రెండు స్టాండ్లలోనూ వినబడలేదు.

చెన్నైలో మా బావ ఉన్నాడు, పెరంబూరు వాస్తవ్యుడు, చెన్నైయిన్ ఎఫ్‌సీకి వీరాభిమాని. 2018 ఫైనల్‌లో మా సొంత మైదానంలోనే మమ్మల్ని 3–2తో ఓడించారు. ఛెత్రీ ముందుగా గోలు కొట్టినా, మైల్సన్ అల్వెస్ తలతో రెండు గోల్స్ వేశాడు. కార్నర్ కిక్ ఎప్పుడు పడినా బావ నాకు ఫోన్ చేసి ఆ పేరు గుర్తుచేస్తాడు. 2025 ఆగస్టులో ఆ ఫోన్లు మరో విషయం మీదికి మళ్లాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగు నిర్వాహక సంస్థకూ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం గడువు దగ్గరపడినా కొత్తది కుదరలేదు, జూలైలోనే సీజన్‌ను నిలిపివేశారు. బెంగళూరు ఎఫ్‌సీ ప్రధాన జట్టు జీతాలను ఆపింది, చెన్నైయిన్ తన కార్యకలాపాలనే నిలిపింది. "మీవాళ్లు జీతాలు ఆపారట కదరా, మావాళ్లు దుకాణమే కట్టేశారు" అన్నాడు బావ. ఇద్దరం ఒకే కష్టంలో ఉన్నామని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి.

జర్మనీలో సాధారణంగా క్లబ్బు ఓటుహక్కుల్లో సగానికి మించి సభ్యుల చేతుల్లో ఉండాలన్న నియమం ఉంది. అది ఇక్కడికి వెంటనే వస్తుందని నేను ఆశించడం లేదు. అయితే ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. మన క్లబ్బులు ప్రైవేటు కంపెనీలు, వాటి వార్షిక ఖాతాలను కంపెనీల వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర దాఖలు చేయాలి, కొద్దిపాటి రుసుము కడితే ఎవరైనా తీసి చూడవచ్చు. మొత్తం ఆదాయంలో టిక్కెట్ల వాటా ఎంత, మాతృసంస్థ ఇచ్చిన అప్పు ఎంత, స్పాన్సర్ల సొమ్ములో సొంత గ్రూపుది ఎంత అన్న మూడు అంకెలు చాలు. వెస్ట్ బ్లాక్ బ్లూస్, బి స్టాండ్ బ్లూస్, మంజప్పడ వంటి అభిమాన సంఘాలు ప్రతి సీజన్ మొదట్లో తమ తమ క్లబ్బుల ఈ అంకెలను తీసి జనం ముందు పెట్టాలని నా కోరిక. బావా నేనూ మా రెండు క్లబ్బులతో మొదలుపెడుతున్నాం, ఎవరి యజమాని ఎక్కువ అప్పు మోస్తున్నాడన్న దాని మీద అప్పుడే వాదన మొదలైంది.