కియామాచి వీధిలో పుట్టిన మెషీన్లు

హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) పని చేసినవాళ్లకు, ల్యాబ్ పరికరాలు చేసే జపాన్ కంపెనీ షిమాడ్జు పేరు కొత్త కాదు. జీడిమెట్లలో నా మొదటి ఉద్యోగంలో హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే మెషీన్) మీద ఆ పేరు రోజూ చూసేదాన్ని. శాంపిల్ పెట్టడం, గ్రాఫ్‌లో పీక్ వచ్చిందా చూడటం, రిపోర్టు తీయడం. ఆడిట్ వస్తే టెన్షన్. ఆ మెషీన్ ఎక్కడిదో ఆలోచించే తీరికే ఉండేది కాదు. ఇప్పుడు అది పుట్టిన, జపాన్‌లోని క్యోటోలోనే వేరే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను.

ఇక్కడి కియామాచి వీధిలో షిమాడ్జు వాళ్ల పాత చెక్క భవనాన్ని మ్యూజియం చేశారు. గెంజో షిమాడ్జు 1875లో ఇక్కడే పని మొదలుపెట్టాడు. వాళ్లది బౌద్ధ పూజాసామగ్రి చేసే కుటుంబం. రాజధాని టోక్యోకి తరలిపోయి క్యోటో కళ తప్పిన రోజులవి. దీపపు సెమ్మెలు పోతపోసిన చేతులతోనే ఆయన బడిపిల్లలకు సైన్సు పరికరాలు చేశాడు. వాగెనర్ అనే జర్మన్ పండితుడు ఆయనకిచ్చిన, కాలితో తొక్కే లేత్ ఇప్పటికీ అక్కడుంది. నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. రాంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టిన ఏడాది లోపే, 1896లో, గెంజో కొడుకులు ఇక్కడ ఎక్స్‌రే ఫొటో తీశారు. 1909కల్లా ఆస్పత్రికి ఎక్స్‌రే యంత్రం చేసిచ్చారు.

మా ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన పొద్దున్నే మొబైల్ ఫేజ్ (మెషీన్‌లో శాంపిల్‌ని మోసుకెళ్లే ద్రవం) సీసాను వెలుతురులో పట్టుకుని చూస్తారు. తర్వాత పంపు దగ్గర చెవి పెట్టి వింటారు. గ్రాఫ్‌లో బేస్‌లైన్ (శాంపిల్ లేనప్పటి గీత) తిన్నగా వచ్చేదాకా శాంపిల్ ముట్టుకోరు. ఎంత పని ఉన్నా ఆయన్ని ఎవరూ తొందరపెట్టరు. రిటైర్మెంట్‌కి దగ్గరపడినా ఆయన బెంచి దగ్గరే ఉన్నారు, అందరూ ఆయన మాటే వింటారు. నాకు ఈ దేశంలో బాగా నచ్చింది ఇదే.

నాన్నకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు. ఫోన్ చేస్తే చాలు, "ఇంకా మెషీన్ దగ్గరేనా తల్లీ, మేనేజర్ ఎప్పుడవుతావు?" అంటారు. అందుకే ఆయనకు కోయిచి తనాకా కథ చెప్పాను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, పీహెచ్‌డీ లేదు, షిమాడ్జులో మామూలు ఉద్యోగి. ప్రొటీన్ అణువుల్ని ముక్కలు కాకుండా తూకం వేసే దారి వెతుకుతూ, 1985లో కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. పారేయడానికి మనసొప్పక దాన్నే పరీక్షకు పెడితే, అప్పటిదాకా రాని సిగ్నల్ వచ్చింది. ఆ పనికే 2002లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నాడు.

నాన్న కాసేపు ఆగి, "అయితే ఆయన ఆ తర్వాతైనా మేనేజరయ్యాడా?" అన్నారు. ఆయన పేరుతోనే కంపెనీ ఒక పరిశోధనశాల పెట్టిందని చెప్పాను.