చల్లారిన బాయిలర్ నుంచి ఫుల్ లోడ్ దాకా: నా అనుభవం

థర్మల్ ప్లాంట్‌లో ట్రైనీగా చేరినవాళ్లకి కోల్డ్ స్టార్టప్ మొదటి నుంచి చివరిదాకా చూసే అవకాశం తేలిగ్గా రాదు. ఓవర్‌హాల్ అయ్యాక చల్లబడి ఉన్న మా 800 మెగావాట్ల యూనిట్‌ని మళ్లీ లేపుతున్నప్పుడు అదృష్టవశాత్తూ నన్ను ఆ షిఫ్టుల్లో వేశారు. కృష్ణపట్నం, కొత్తగూడెంలలో ఉన్న 800 మెగావాట్ల యూనిట్ల లాగే ఇదీ సూపర్ క్రిటికల్, అంటే నీటికీ ఆవిరికీ తేడా లేకుండా పోయేంత ఒత్తిడిలో నడిచేది. స్టార్టప్ అయ్యాక వైవా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి కాస్త టెన్షన్ కూడా ఉంది.

మంట కంటే ముందు వాక్యూమ్ పని మొదలైంది. టర్బైన్ నుంచి వచ్చిన ఆవిరిని చల్లబరిచి నీరు చేసే కండెన్సర్‌లోని గాలిని పంపులతో లాగేస్తారు. ఒత్తిడి 0.1 బార్‌కి, అంటే బయటి గాలి ఒత్తిడిలో దాదాపు పదో వంతుకి దిగితే అక్కడ నీళ్లు 46 డిగ్రీలకే మరుగుతాయి. అంటే టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరి అంత తక్కువ వేడి దాకా ఆవిరిగానే ఉండగలదు, దానిలోంచి అంత ఎక్కువ పని పిండుకోవచ్చు. ఆ ఒత్తిడిలో కిలో ఆవిరికి 14,000 లీటర్లకు పైగా చోటు కావాలి. చల్లబడి నీరైతే ఒక్క లీటరు. యూనిట్ నడిచేటప్పుడు వాక్యూమ్‌ని నిలబెట్టేది ఈ కుదింపే. పంపులకి అప్పుడు సందుల్లోంచి దూరిన గాలిని తీసెయ్యడమే పని. ఎండాకాలంలో కూలింగ్ వాటర్ వేడెక్కితే వాక్యూమ్ పడిపోయి లోడ్ (కరెంటు ఉత్పత్తి) రావట్లేదని సీనియర్లు విసుక్కుంటుంటారు. ఎందుకో నాకు ఇక్కడ అర్థమైంది.

బాయిలర్‌కి వెళ్లే నీళ్లలోంచి గాలిని తీసేసే ట్యాంకు, డీఏరేటర్‌ని అంత ఎత్తున ఎందుకు పెట్టారన్నది చేరినప్పటి నుంచీ నా అనుమానం. లోడ్ మీద దానిలో నీళ్లు 170 డిగ్రీల దగ్గర ఉంటాయి. దాదాపు 8 బార్ ఒత్తిడి ఉండబట్టే అవి ఇంకా నీళ్లు. ఆ నీళ్లని బాయిలర్‌కి పంపే ఫీడ్ పంప్ నోటి దగ్గర ఆ ఒత్తిడి కాస్త తగ్గినా అక్కడికక్కడే బుడగలు లేస్తాయి. "ఆ బుడగలు పంప్‌లో తిరిగే ఇంపెల్లర్‌ని తినేస్తాయి బాబూ. కంకర మిక్సర్‌లా శబ్దం చేస్తుంది" అన్నారు కింద పంపుల దగ్గరుండే ఆపరేటర్ గారు. పైనున్న నీటి బరువు పంప్ నోటి దగ్గర ఒత్తిడిని పెంచి, ఆ బుడగలు రాకుండా కాస్తుంది.

లైటప్ (బాయిలర్‌లో మంట పెట్టడం) అయ్యాక ఫీల్డ్ రౌండ్‌కి ఆయనతోనే వెళ్లాను. డ్రెయిన్ల దగ్గర తెల్లగా పొగలా లేస్తున్నదాన్ని చూసి నేను ఆగితే, అది ఆవిరి కాదన్నారు. ఆవిరి కనపడదు, గాలి తగిలి చల్లబడి నీటి తుంపరలైతేనే తెల్లగా కనిపిస్తుంది. పెద్ద ఒత్తిడి లైన్లలో లీకుంటే బుస్సుమని శబ్దం మాత్రమే వస్తుంది, ఎక్కడి నుంచో తెలియదు. అలాంటిచోట చెయ్యి అడ్డం పెడితే ఇంతే సంగతులు. పాతకాలం వాళ్లు చీపురు ముందుకి చాపి నడిచేవాళ్లట. చీపురు తెగితే లీకు అక్కడే.

సింక్రనైజ్ చేసి (జనరేటర్‌ని గ్రిడ్‌కి కలిపి) లోడ్ పెంచడం మొదలుపెట్టాక నేను కంట్రోల్ రూమ్ వదల్లేదు. పాత 210 మెగావాట్ల యూనిట్లలో డ్రమ్ ఉంటుంది. దానిలో నీరు కిందకి, ఆవిరి పైకి, బరువులో తేడా వల్ల విడిపోతాయి. మామూలు ఒత్తిడిలో నీరు ఆవిరి కంటే 1,600 రెట్లు బరువు. 150 బార్‌లో ఆ తేడా ఆరు రెట్లకి వచ్చేస్తుంది. 221 బార్, 374 డిగ్రీల దగ్గర తేడానే ఉండదు. అదే క్రిటికల్ పాయింట్. ఇక దేన్నుంచి దేన్ని విడదీస్తారు? అందుకే మా బాయిలర్‌లో డ్రమ్ లేదు. మొదట్లో తక్కువ ఒత్తిడి ఉన్నంతసేపు సెపరేటర్ ఆ పని చేస్తుంది. దాదాపు 30 శాతం లోడ్ దగ్గర సెపరేటర్‌లో నీళ్లు పడడం ఆగిపోతుంది. దీన్నే డ్రై మోడ్ అంటారు. డెస్క్ దగ్గరున్నవాళ్లు నిజంగా ఊపిరి బిగబట్టేది ఇక్కడే. ఫీడ్ వాటర్, మంట ఒకదానికొకటి సరిపోకపోతే మళ్లీ సెపరేటర్‌లో నీళ్లు పడే వెట్ మోడ్‌లోకి జారిపోతుంది, లేదా ట్యూబుల టెంపరేచర్లు పైకి పోతాయి.

ఇంత చదివాక 221 దాటే క్షణం కోసం నేను ఎదురుచూడకుండా ఎలా ఉంటాను? ముప్పావు లోడ్ దగ్గరపడుతుంటే ఒత్తిడి ట్రెండ్ గ్రాఫ్ తెరిచి పెట్టుకున్నాను. 218, 220, 223. గీత వంగలేదు, అలారం మోగలేదు, పక్కన సార్ టీ తాగుతూనే ఉన్నారు. "ఏం జరుగుతుందనుకున్నావయ్యా? మరగడమే లేనిచోట మరిగేది ఏం కనిపిస్తుంది?" అన్నారు.

వైవాలో అదే అడిగారు, క్రిటికల్ పాయింట్ దగ్గర లేటెంట్ హీట్ (మరుగుతున్న నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి) ఎంత అని. మామూలు ఒత్తిడిలో కిలోకి 2,257 కిలోజౌల్స్, 150 బార్‌లో దాదాపు 1,000, అక్కడ సున్నా అని చెప్పాను. తలూపి, జనరేటర్ సీల్ ఆయిల్ గురించి అడగడం మొదలుపెట్టారు.